పాదరసం తీశారు సరే, పెట్టిందెక్కడ?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఓ జింకు కర్మాగారంలో యాసిడ్ ప్లాంటుకు వేశారు. పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. కెమికల్ ఇంజనీరింగ్ చదివొచ్చానన్న గర్వం ఇంకా దిగలేదు, గ్యాసు వాసనకు దగ్గు మాత్రం ఆగేది కాదు. మొదటి వారంలోనే మా సెక్షన్ హెడ్ ల్యాబ్ రిపోర్టు ఒకటి ముందు పెట్టాడు. మేం అమ్మే సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో పాదరసం 0.5 పీపీఎం లోపే, అంటే టన్నుకు అర గ్రాము లోపే ఉందట. ‘చూశావా, మెర్క్యురీ మొత్తం తీసేస్తున్నాం’ అన్నాడు. నేనూ తలూపాను. కొత్తగా చేరినవాడు తలూపక ఏం చేస్తాడు?

ఆ ‘తీసేస్తున్నాం’ అన్న మాట మీదే ఇన్నేళ్ల తర్వాత కూడా నా పేచీ. పాదరసం మూలకం. కాలిస్తే పోదు, కుళ్లితే పోదు, ఏ బ్యాక్టీరియా దాన్ని తిని మాయం చేయలేదు. ఒక చోట తగ్గిందంటే ఇంకో చోట పెరిగిందనే అర్థం. అందుకే ఎవరైనా ‘తొలగించాం’ అంటే నేను అడిగేది ఎంత శాతం తొలగించారని కాదు. తీసింది ఇప్పుడు ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అని.

అసలు జింకు రాయిలో పాదరసానికేం పని అంటారా? జింకు ఖనిజం అంటే జింకూ గంధకమూ కలిసిన రాయి. పాదరసానికీ గంధకమంటే ప్రాణం. అందుకని అది కూడా కాస్త ఆ రాయిలో దూరి కూర్చుంటుంది. రాయిని నూరి పనికిరానిది తీసేస్తే మిగిలే ఖనిజపు పొడిని కాన్సంట్రేట్ అంటారు. ఒక గని నుంచి వచ్చే కాన్సంట్రేట్‌లో టన్నుకు రెండు మూడు గ్రాములుంటే ఇంకో గనిది వంద దాటొచ్చు. కర్మాగారంలో ఈ పొడిని రోస్టర్‌లో సుమారు 950 డిగ్రీల దగ్గర మండిస్తారు. పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది. ఇంకేముంది, ఉన్నదంతా ఆవిరై గంధకపు వాయువుతో కలిసి గొట్టాల్లో బయల్దేరుతుంది. ఆ గ్యాసును చల్లార్చి, కడిగి, చివరికి సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తారు. కడిగేటప్పుడు కొంత పాదరసం సెలీనియంతోనూ సీసపు దుమ్ముతోనూ కలిసి బురదగా కింద దిగుతుంది. మిగతాది లోహపు ఆవిరి. నీటికి లొంగదు. వదిలేస్తే నేరుగా యాసిడ్‌లోకి, అక్కడి నుంచి సూపర్ ఫాస్ఫేట్ బస్తాలోకి, ఆపైన ఎవరి పొలంలోకో.

దీనికి విరుగుడుగా 1970ల్లో స్వీడన్‌లో బోలిడెన్, నార్వేలో నార్‌జింక్ కలిసి ఒక పద్ధతి తయారుచేశాయి. ఆ రెండు పేర్లతోనే దాన్ని బోలిడెన్-నార్‌జింక్ పద్ధతి అంటారు. నిజం చెప్పాలంటే అది చూసి నాకు ముచ్చటేసింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. చల్లబడిన గ్యాసు మీద మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణాన్ని చిలకరిస్తారు. అంటే పాదరసాన్ని పట్టడానికి పాదరసపు ఉప్పునే వాడతారన్నమాట. ఆవిరిగా పోతున్న పాదరసం ఆ ఉప్పుతో కలిసి మెర్క్యురస్ క్లోరైడ్ అవుతుంది. అది నీటిలో దాదాపు కరగని తెల్లపొడి, నెమ్మదిగా ట్యాంకు అడుక్కు దిగుతుంది. దాంట్లో కొంత తీసి క్లోరిన్ పట్టిస్తే మళ్లీ మెర్క్యురిక్ క్లోరైడ్ వస్తుంది, దాన్నే తిరిగి టవర్లోకి పంపుతారు. బయటి నుంచి కొనాల్సింది క్లోరిన్ ఒక్కటే.

ఆ తెల్లపొడి పేరు క్యాలమెల్. మన పాత వైద్యంలో రసకర్పూరం అని చెప్పేది ఈ కుటుంబానిదే. ఐరోపాలో ఒకప్పుడు దీన్ని పళ్లొచ్చే పిల్లలకు పొడి మందులో కలిపి పట్టేవారు, పిల్లల చేతులూ పాదాలూ ఎర్రగా కంది నరకయాతన పడేవారు. దానికి కారణం ఈ మందేనని గుర్తించి మానేసేసరికి 1950లు వచ్చాయి.

ఇక లెక్క. ల్యాబ్ రిపోర్టు చూసిన రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని నోట్‌బుక్ తీశాను. అంకెలు మా ప్లాంటువి కావు, ఎవరికైనా అర్థమయ్యేలా గుండ్రంగా తీసుకున్నవి. ఏడాదికి లక్ష టన్నుల కాన్సంట్రేట్, దాంట్లో 50 పీపీఎం పాదరసం అనుకుందాం. అంటే 5 టన్నులు. దాంతో తయారయ్యే యాసిడ్ కూడా దాదాపు లక్ష టన్నులే. యాసిడ్‌లో 0.5 పీపీఎం అంటే 50 కిలోలు. మరి మిగతా 4,950 కిలోలు? మా సెక్షన్ హెడ్ చూపించిన కాగితంలో ఆ యాభై కిలోల సంగతే ఉంది. నూటికి తొంభైతొమ్మిది వంతుల సంగతి ఏ కాగితంలోనూ నాకు కనపడలేదు.

మర్నాడు షిఫ్ట్‌లో ఉన్న సీనియర్ ఆపరేటర్‌ను అడిగాను. శ్రీకాకుళం వైపు మనిషి, రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది. ‘మాస్టారూ, తీసిన పాదరసం ఎక్కడుంటుంది?’ అన్నాను. ఆయన నవ్వి, ‘ఇన్నాళ్లకు ఒకరు అడిగారు బాబూ, రండి’ అని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా ఉన్నాయి. కొన్నిటి మీద చీటీలు వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక మూత సరిగ్గా లేదు, లోపలి పొడి తెల్లగా లేదు, బూడిదరంగుకు తిరిగింది. క్యాలమెల్‌కు వెలుతురు తగిలితే కొంచెం కొంచెంగా విడిపోయి మళ్లీ పాదరసం పుడుతుంది, అందుకే ఆ నలుపు. ‘అరచేతిలో పట్టేంతుంటుంది, ఎత్తబోతే నడుం విరుగుతుంది’ అన్నాడు పెద్దాయన. నిజమే, ఆ పొడి బరువులో 85 శాతం పాదరసమే. అవతల వాషింగ్ టవర్ బురద గుంట. దాన్ని ఎత్తిపోసేవాళ్లు కాంట్రాక్టు కూలీలు, మూతికి తువ్వాలు కట్టుకుని. కాలవ అంచున చిన్న చిన్న వెండి పూసలు మెరుస్తున్నాయి. అవేమిటో నేనే వాళ్లకు చెప్పాల్సింది. ఆరోజు చెప్పలేదు. ఆ మాట నన్నింకా పొడుస్తుంది.

తర్వాత తర్వాత అర్థమైంది, దీంట్లో ఒక వ్యాపార తర్కం ఉందని. యాసిడ్‌ను కొనేవాడున్నాడు, వాడికి శుభ్రమైన సరుకు కావాలి, కాబట్టి ప్రతి ట్యాంకరుకూ పరీక్ష ఉంటుంది. బురదను కొనేవాడు లేడు, కాబట్టి దానికి పరీక్ష పెట్టమని అడిగేవాడూ లేడు. ముడి సరుకు దగ్గరా ఇంతే. కాన్సంట్రేట్‌లో పాదరసం ఎక్కువుంటే గనివాళ్లకు ధరలో కోత పడుతుంది. కోత తప్పించుకోవడానికి శుభ్రమైన సరుకును దాంట్లో కలుపుతారు. పీపీఎం తగ్గుతుంది, కిలోలు తగ్గవు. పాలల్లో నీళ్లు కలిపితే నీళ్లు మాయమయ్యాయా?

‘తీసిన పాదరసం డ్రమ్ముల్లో ఉంటే ఏం, అమ్మేస్తే ఒక గొడవ వదులుతుంది కదా’ అని మా బ్యాచ్‌మేట్ ఒకడు వాదించేవాడు. వాడికి నేను చెప్పే జవాబు పెరూలో ఉంది.

ఉత్తర పెరూలో కహమార్కా దగ్గర యనకోచా అనే పెద్ద బంగారు గని. అక్కడి రాయిలో బంగారంతో పాటు పాదరసం కూడా ఉంటుంది. సైనైడ్ నీళ్లు బంగారాన్ని కరిగించుకున్నట్టే పాదరసాన్ని కూడా కొంత కరిగించుకుంటాయి. అందుకని బంగారాన్ని కరిగించి పోతపోసే ముందు రిటార్ట్ అనే మూసిన కొలిమిలో వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా లాగి, చల్లార్చి, ఇనప ఫ్లాస్కుల్లోకి పడతారు. ఇది మంచి పద్ధతే. చెయ్యకపోతే ఆ ఆవిరి అంతా కొలిమి దగ్గరి మనుషుల ఊపిరితిత్తుల్లోకే పోయేది. తీశారు, ఫ్లాస్కుల్లో నింపారు, ‘ఉప ఉత్పత్తి’ అని పేరు పెట్టి లీమాకు లారీ ఎక్కించారు. 2000 జూన్ 2న ఆ లారీ నుంచి 151 కిలోల పాదరసం దారి పొడవునా కారిపోయింది. దాదాపు 40 కిలోమీటర్ల రోడ్డు. మధ్యలో చోరోపంపా, మాగ్దలేనా, సాన్ హువాన్ అనే ఊళ్లు.

151 కిలోలంటే ఎంతో అనుకుంటాం. లీటరు పాదరసం పదమూడున్నర కిలోలు తూగుతుంది. మొత్తం కలిపి పదకొండు లీటర్లు, మన స్టీలు బిందె ఒకటి. ఆ ఒక్క బిందెడు పాదరసం కోసం పిల్లలు రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. మెరుస్తోంది, పట్టుకుంటే జారుతోంది, బంగారపు గని నుంచి వచ్చింది, ఏదో విలువైనదే అయ్యుంటుంది అని జనం సీసాల్లో, గిన్నెల్లో ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లారు. లోపల బంగారం ఉందేమోనని పొయ్యి మీద పెట్టినవాళ్లున్నారు. వందల మంది జబ్బుపడ్డారు. ఆ గనిలో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీకి అప్పట్లో 5 శాతం వాటా ఉండేది, దాని అంబుడ్స్‌మన్ కార్యాలయం విచారణ జరిపించింది.

వాళ్లను అమాయకులని నవ్వే హక్కు మనకు లేదు. థర్మామీటరు పగిలితే ఆ పూసల్ని అరచేతిలో దొర్లించి ఆడని తెలుగు పిల్లాడు నా తరంలో లేడు. తెలివైనవాణ్ణి మెచ్చుకోవాలంటే ఇప్పటికీ పాదరసంలాంటి బుర్ర అంటాం. మా నాన్న బీపీ చూసుకునే పాత మిషను గాజు గొట్టం పగిలితే, అందులోంచి పడ్డదాన్ని అమ్మ అట్టముక్కతో పోగుచేసి హార్లిక్స్ సీసాలో పోసి నీళ్లు నింపి అటక మీద పెట్టింది. చీపురుతో ఊడ్వలేదు, అదే పదివేలు. ఆ సీసా ఇంకా మా అటక మీదే ఉంది. మున్సిపాలిటీ బండివాడు తడి చెత్తా పొడి చెత్తా అంటాడు, ఇది రెండూ కాదు. ఆస్పత్రివాళ్లను అడిగితే మాది మేమే పంపడానికి టెన్షన్ పడుతున్నామన్నారు. ఇంట్లో వంద గ్రాములకే ఇంత అవస్థ.

సరే, లారీ జాగ్రత్తగా వెళ్లి ఉంటే? క్షేమంగా చేరిన పాదరసం ఎక్కడికి పోతుంది? థర్మామీటర్లు, బ్యాటరీలు, ట్యూబులైట్లు, క్లోరిన్ ఫ్యాక్టరీలు అన్నీ దాన్ని వదిలించుకుంటున్నాయి. అందరికన్నా ఆకలిగా అడుగుతున్నది చేత్తో బంగారం తీసే చిన్న గనులు. రాతిపొడిలోని బంగారాన్ని పట్టడానికి అక్కడ పాదరసం కలుపుతారు, తర్వాత వేడిచేసి దాన్ని ఆవిరిగా వదిలేస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కలో 2015లో మనుషుల పనుల వల్ల గాల్లోకి పోయిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో 38 శాతం ఈ చిన్న బంగారు గనులదే. బొగ్గు మండించడం 21 శాతం, జింకూ రాగీ సీసం లాంటి లోహాల తయారీ సుమారు 15 శాతం. అంటే పెద్ద కర్మాగారం చిమ్నీ దగ్గర జాగ్రత్తగా పట్టుకుని అమ్మిన పాదరసం, ఏ అడవిలోనో నది ఒడ్డున ఒక మనిషి పెనం మీద పెట్టి మరిగించగా మళ్లీ గాల్లోకే పోవచ్చు. చిమ్నీ నుంచి పోనివ్వకుండా పట్టి, పెనం మీద నుంచి పోనిచ్చాం. మధ్యలో ఒకడు డబ్బు చేసుకున్నాడు, ఇంకొకడు ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు.

పాదరసాన్ని అదుపు చేయడానికి దేశాలన్నీ కలిసి రాసుకున్న మినమాటా ఒప్పందం ఉంది కదా అంటారు. ఉంది. 2017 ఆగస్టు 16 నుంచి అమల్లో ఉంది, మన దేశం 2018లో ఆమోదించింది. కొత్త పాదరసపు గనులు తెరవకూడదంది, పాతవి పదిహేనేళ్లలో మూసేయమంది. మూతపడే క్లోరిన్ ఫ్యాక్టరీల్లో మిగిలిన పాదరసాన్ని తిరిగి వాడుకోకుండా వదిలించుకోమంది. లోహ కర్మాగారాల చిమ్నీల మీద కూడా అదుపు పెట్టమంది. కానీ ఆ కర్మాగారాలు పట్టుకున్న పాదరసాన్ని ఏం చేయాలన్న చోట గొంతు తగ్గించింది. ఏడాదికి 10 టన్నులకు మించి పోగయ్యే చోట్లను గుర్తించే ప్రయత్నం చేయమంటుంది, ఒప్పందం అనుమతించిన పనులకైతే అమ్ముకోవచ్చంటుంది. పైన నేను వేసిన లెక్కలో కర్మాగారం 5 టన్నులది. ఆ గీతకు కిందే.

ఐరోపా ఈ సందును పూడ్చింది. పాదరసం ఎగుమతిని 2011లోనే ఆపేసింది, అమెరికా 2013 నుంచి ఆపింది. ఎగుమతి ఆపినప్పుడే ఐరోపా లోహాల గనుల్లోనూ కర్మాగారాల్లోనూ వచ్చే పాదరసాన్ని సరుకు కాదు, వ్యర్థం అని తేల్చి చెప్పింది. 2017లో తెచ్చిన చట్టంలో ఇంకో అడుగు వేసి, శాశ్వతంగా పూడ్చే ముందు దాన్ని మెర్క్యురీ సల్ఫైడ్‌గా మార్చాలంది. నేను అడిగేది ఇదే, ఇంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ కాదు. మన చట్టంలోనూ దాన్ని వ్యర్థం అనండి, గంధకంతో కట్టేయండి, ఎక్కడ పెట్టారో ఏటా లెక్క బయటపెట్టండి.

‘కట్టేయండి’ అన్నమాట ఊరికే వాడలేదు. మన రసవాదులు వందల ఏళ్లపాటు తలలు బద్దలు కొట్టుకున్నది పాదరసాన్ని కట్టడం ఎలా అనే. వాళ్లకు దాని చాపల్యం బాగా తెలుసు. పాదరసాన్నీ గంధకాన్నీ కల్వంలో వేసి గంటల తరబడి నూరితే కాటుకలాంటి నల్లటి పొడి వస్తుంది, కజ్జలి అంటారు. అది మెర్క్యురీ సల్ఫైడే. ఎర్రగా ఉండే ఇంగిలీకమూ అదే, స్ఫటికం అమరిక వేరు. జర్మనీలో ఇప్పుడు పెద్ద పెద్ద యంత్రాల్లో గాలి తీసేసి టన్నుల లెక్కన చేస్తున్నది కూడా రసాయనికంగా ఇదే పని. అలా మార్చి హెర్ఫా-నాయ్‌రోడ లాంటి పాత ఉప్పు గనుల్లో పెడుతున్నారు. పాదరసం భూమిలోంచి ఏ రూపంలో బయటికొచ్చిందో ఆ రూపంలోనే వెనక్కి పంపుతున్నారు.

ఇక్కడ ఒకాయన లేచి, ‘మరి కజ్జలి మందుల్లో వేసుకుంటున్నాం కదా, అంత ప్రమాదం లేనప్పుడు ఈ హడావుడి ఎందుకు’ అంటాడు, ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. నీటిలో కరగదు కాబట్టి పూడ్చడానికి మంచిది. తినడానికి మంచిదన్న సర్టిఫికెట్ కాదది. నూరడం సరిగ్గా పూర్తికాకపోతే మిగిలిపోయిన పాదరసం అందులో అలాగే ఉంటుంది, ఆవిరి వదులుతూనే ఉంటుంది.

ఖర్చు సంగతి అడిగేవాళ్లకు మళ్లీ నోట్‌బుక్. 5 టన్నుల పాదరసానికి దాదాపు 800 కిలోల గంధకం చాలు. వచ్చేది 6 టన్నుల లోపు పొడి. లక్ష టన్నుల సరుకు లోపలికి మోసే కర్మాగారానికి ఏడాదికి ఒక్క లారీ లోడు. దీన్ని మోయలేమంటే నేను నమ్మను. ఎక్కడ పెట్టాలన్నది మాత్రం నిజమైన చిక్కే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. జర్మనీలో ఉన్నలాంటి ఉప్పు గనులు మనకు లేవు. పాడుబడ్డ గని ఏదైనా చాలుగా అంటే కోలారును చూడండి. మన చిత్తూరు వైపు నుంచి తరాల తరబడి జనం వెళ్లి పనిచేసిన గనులవి, 3 కిలోమీటర్లకు పైగా లోతు. 2001లో మూసేశాక సొరంగాల్లోకి నీళ్లు చేరాయి. నీళ్లు చేరే చోట ఇది పెట్టే సరుకు కాదు. స్వీడన్‌లో రోన్‌షార్ స్మెల్టర్ కింద 300 మీటర్లకు పైగా లోతున గట్టి రాతిలో దీనికోసమే గదులు తొలిచారు. మన దక్కను రాయి గట్టిదనానికేం తక్కువ కాదు. వెతకాలి, తొలవాలి, కాపలా పెట్టాలి. ఇవన్నీ ప్రభుత్వం పూనుకోవాల్సిన పనులు, ఒక్క కర్మాగారం వల్ల అయ్యేవి కావు. అప్పటిదాకా కనీసం కప్పు కింద, తాళం కింద, తూకం రాసిన చీటీతో పెట్టొచ్చు కదా?

నార్‌జింక్ కథ పైన సగమే చెప్పాను. ఆ కర్మాగారం ఉన్నది నార్వేలో ఓడా అనే ఊళ్లో, సోర్‌ఫ్యోర్డ్ అనే ఇరుకు సముద్రపాయ ఒడ్డున. గ్యాసులోంచి పాదరసాన్ని పట్టే పద్ధతికి ప్రపంచమంతా ఆ పేరే వాడుతుండగా, జింకు కరిగించగా మిగిలిన మడ్డి మాత్రం ఏళ్లపాటు ఆ నీళ్లలోకే పోయింది. లోహాలతో ఎక్కువగా పాడైన ఫ్యోర్డ్‌లలో ఒకటని దానికి పేరొచ్చింది. అక్కడి చేపలూ గుల్లలూ తినే విషయంలో జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. 1986 నుంచే ఆ మడ్డిని పక్క కొండలో తొలిచిన గుహల్లోకి పంపడం మొదలుపెట్టారు. యాసిడ్ శుభ్రంగా ఉండటానికీ ఊరు శుభ్రంగా ఉండటానికీ సంబంధం లేదని నాకు ఎవరైనా ఋజువు అడిగితే ఓడా పేరు చెప్తాను.

పోయినేడు మా బంధువుల ఊరికి దగ్గర్లో ఓ లోహ కర్మాగారం విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లాను. షామియానా, మంచినీళ్ల ప్యాకెట్లు, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని అరుపులు. నా వంతు వచ్చాక ఒక్కటే అడిగాను: ఏడాదికి మీ ముడి సరుకుతో వచ్చే పాదరసం ఎన్ని కిలోలు, అందులో ఎన్ని కిలోలు ఎక్కడ పెడుతున్నారు? వేదిక మీద సూటు వేసుకున్నాయన, ‘సార్, మాది జీరో డిశ్చార్జ్ ప్లాంట్’ అన్నాడు. డిశ్చార్జ్ కాకపోతే లోపలే ఉండాలి కదండీ, అదే చెప్పండి, లోపల ఎక్కడ అన్నాను. జనం కొందరు నవ్వారు. తర్వాత మాట్లాడాల్సినవాళ్లు చాలామంది ఉన్నారని మైకు తీసుకున్నారు.

రెండు నెలల తర్వాత మినిట్స్ బయటికొచ్చాయి. పట్టికలో నా వరుస కూడా ఉంది. ప్రశ్న గడిలో ‘పాదరసం గురించి అడిగారు’ అని రాశారు. జవాబు గడిలో ‘నిబంధనల ప్రకారం చర్యలు తీసుకోబడతాయి’ అని ఉంది. కిలోలకు ఆ పట్టికలో గడి లేదు.